దారినపోయే దానయ్యకు వీసా

హైదరాబాదులో విమానమెక్కి, లండన్‌లో మరో విమానం మారి, టొరంటో వెళ్ళే మనిషినీ అతని సూట్‌కేసునూ పక్కపక్కన నిలబెట్టి, దారి మధ్యలో అంతర్జాతీయ చట్టం అండ ఎవరికి ఎక్కువ అని అడిగితే జవాబు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. సూట్‌కేసుకే ఎక్కువ. 1947 నాటి గాట్ వాణిజ్య ఒప్పందంలోని ఐదో అధికరణం, ఒక దేశం మీదుగా మరో దేశానికి పోయే సరుకుకు దారి ఇవ్వాలంటుంది. సరుకు అంటే ప్రయాణికుల సామాను కూడా అని అక్కడే చెబుతుంది. విమానంలో పోయే సామానుకూ ఇది వర్తిస్తుందని ఇంకో వాక్యం చేర్చి మరీ ఖరారు చేస్తుంది. ఆ సామాను ఎవరిదో ఆ మనిషి గురించి మాత్రం అందులో ఒక్క ముక్క లేదు.

విమానానికీ అంతే మర్యాద దక్కింది. 1944లో షికాగోలో సిద్ధమైన ట్రాన్సిట్ ఒప్పందంలో చేరిన దేశాల విమానాలు ఒకరి ఆకాశం మీదుగా ఒకరు ఎగరవచ్చు, ఇంధనానికో మరమ్మతుకో దిగవచ్చు. మనుషుల్ని కూడా లెక్కలోకి తీసుకున్న ఒప్పందం అంతకు ముందే ఒకటుంది. 1921లో నానాజాతి సమితి చొరవతో బార్సిలోనాలో కుదిరిన ఆ ఒప్పందం సరుకులతో పాటు ప్రయాణికుల దారి స్వేచ్ఛ గురించి కూడా మాట్లాడింది. కానీ తన గడ్డ మీద అడుగు పెట్టకూడదని నిషేధించిన ప్రయాణికుడికి ఏ దేశమూ దారి ఇవ్వాల్సిన పనిలేదని అందులోనే ఒక అధికరణం కూర్చింది. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నారన్నమాట.

దాటిపోయేవాడు ఇల్లు అడగడు, ఉద్యోగం అడగడు, ఓటు అడగడు. దాటిపోతాను, దారి ఇవ్వమంటాడు. అలాంటివాడికి ఆ దేశం ఏమైనా బాకీ ఉందా? వలస మీద పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి గానీ ఈ ప్రశ్న వాటి అడుగున ఎక్కడో పడి ఉంటుంది. చూడడానికి చిన్నదే. పాత నిబంధన నుంచి కాంట్ దాకా, కౌటిల్యుడి నుంచి కఠోపనిషత్తు దాకా దీన్ని తాకని వాళ్ళు తక్కువ.

ముందు నేటి నిబంధనల సంగతి. భారత పాస్‌పోర్టుతో బ్రిటన్ మీదుగా వెళ్ళేవాళ్ళు, విమానాశ్రయం గడప దాటకపోయినా, ట్రాన్సిట్ వీసా తీసుకోవాలి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాల వీసా చెల్లుబాటులో ఉంటే మినహాయింపు. అమెరికాలోనైతే ప్రవేశించకుండా దాటిపోయే ప్రయాణికుడనే జాతే లేదు. వీసా లేకుండా విమానం మారే సదుపాయాన్ని ఆ దేశం 2003 ఆగస్టు 2న నిలిపేసింది. అప్పటి నుంచి మెక్సికో వెళ్తూ హ్యూస్టన్‌లో రెండు గంటలు ఆగే భారతీయుడు కూడా అమెరికాలో ప్రవేశించినట్టే లెక్క. యూరప్‌లో షెంగెన్ దేశాలకు 2009 నాటి వీసా నియమావళి ఉంది. అందులో పన్నెండు దేశాల ఉమ్మడి జాబితా ఉంది: అఫ్గానిస్థాన్, బంగ్లాదేశ్, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, ఎరిత్రియా, ఇథియోపియా, ఘనా, ఇరాన్, ఇరాక్, నైజీరియా, పాకిస్థాన్, సోమాలియా, శ్రీలంక. ఈ దేశాల వాళ్ళు ఏ షెంగెన్ విమానాశ్రయంలో విమానం మారాలన్నా, మినహాయింపు లేనివాళ్ళయితే, ముందే అనుమతి తెచ్చుకోవాలి. జాబితాలో లేని దేశాల మీద ఏ సభ్యదేశమైనా విడిగా షరతు పెట్టుకోవచ్చు. జర్మనీ భారతీయుల మీద ఏళ్ళ తరబడి అలాగే పెట్టింది.

ఆ జర్మనీ నిబంధనతో అమెరికాలోని తెలుగు కుటుంబాలకు మంచి పరిచయమే ఉంది. హెచ్‌-1బి మీద ఉన్నవాళ్ళ పాస్‌పోర్టులో వీసా గడువు తీరిపోయి ఉంటుంది, ఐ-797 కాగితం మాత్రం నిక్షేపంగా ఉంటుంది. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ ఇల్లు కొనుక్కుని ఉండడానికి ఆ కాగితం చాలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మూడు గంటలు కుర్చీలో కూర్చోవడానికి చాలేది కాదు. అందుకే కొత్త వీసా స్టాంపింగ్‌కు ఇండియా వచ్చేవాళ్ళు టికెట్టు ధర కన్నా ముందు రూటు అడిగేవాళ్ళు. దోహా మీదుగానో దుబాయి మీదుగానో వెళ్తే ఈ గొడవ ఉండదని స్నేహితులు ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు.

బ్రిటన్ లాగే సింగపూర్ కూడా వేరే దేశపు వీసానే చూస్తుంది. అమెరికా, బ్రిటన్, జపాన్ వంటి దేశాల వీసా ఉన్న భారతీయుడు ఆ దేశాలకు వెళ్తూ వస్తూ సింగపూర్‌లో 96 గంటలు వీసా లేకుండా ఉండవచ్చు. ఆ వీసా లేనివాడు ఉండకూడదు. మనిషి అదే, పాస్‌పోర్టు అదే, నడవడి అదే. మారిందల్లా ఇంకో బలమైన దేశం అతన్ని నమ్మిందా లేదా అన్నది. దారిలోని దేశం తానుగా అతని గురించి ఏమీ ఆలోచించదు, వాషింగ్టన్ పెట్టిన ముద్ర చూసి తన నమ్మకాన్ని అరువు తెచ్చుకుంటుంది. ఇది పాలనాపరంగా తెలివైన పనే కావచ్చు. నీతిపరంగా మాత్రం వింతైనది. ఎందుకంటే దాటిపోయే హక్కు అనేది ఉంటే, అది ఆ మనిషికీ ఆ నేలకూ మధ్య తేలాలి. మూడో వాడి సిఫార్సు మీద ఆధారపడితే దాన్ని హక్కు అనలేం.

దారి కోసం రాసిన అర్జీల్లో పాతవాటిలో ఒకటి బైబిల్ సంఖ్యాకాండము ఇరవయ్యో అధ్యాయంలో ఉంది. ఐగుప్తు నుంచి బయటపడ్డ ఇశ్రాయేలీయులు కాదేషులో ఆగి, ఎదోము రాజు దగ్గరికి దూతలను పంపుతారు. మోషే కబురులో ఉన్న హామీలు నేటి వీసా ఫారంలోని గడులకు సరిగ్గా సరిపోతాయి. పొలాల్లోకి దిగం, ద్రాక్షతోటల్లోకి పోం, బావుల నీళ్ళు ముట్టం, రాజమార్గం వదిలి కుడికీ ఎడమకీ తిరగం అంటాడు. ఒకసారి కాదన్నాక, మా పశువులు నీళ్ళు తాగితే డబ్బులిస్తామని కూడా చేరుస్తాడు. ప్రయాణ మార్గం, ప్రవర్తన, ఖర్చులకు డబ్బు, అన్నీ ఉన్నాయి. ఎదోము సైన్యంతో ఎదురొచ్చింది. ఎదోమీయులు ఏశావు సంతతి, అడుగుతున్నవాళ్ళు యాకోబు సంతతి. అంటే అన్నదమ్ముల పిల్లలు. బంధుత్వం పని చేయలేదు. ఇశ్రాయేలీయులు చుట్టూ తిరిగి వెళ్ళారు.

తర్వాతి అధ్యాయంలో అమోరీయుల రాజు సీహోను కూడా అలాగే కాదన్నాడు. ఈసారి యుద్ధమైంది, సీహోను రాజ్యం పోయింది. ఎవరికీ హాని చేయకుండా దాటిపోయేవాడికి దారి నిరాకరించారు కాబట్టి ఆ యుద్ధం న్యాయమైనదేనని సెయింట్ అగస్టీన్ అన్నాడు. పన్నెండు వందల ఏళ్ళ తర్వాత, 1625లో, డచ్ న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్ ఆ మాటనే ఆధారం చేసుకుని నేల మీదా నదుల మీదా హానిలేని ప్రయాణానికి దారి ఇవ్వడం రాజ్యాల బాధ్యత అని వాదించాడు. భూమిని పంచుకున్నప్పుడు ఈ మాత్రం ఉమ్మడిగా మిగిలిందని అతని ఉద్దేశం.

వినడానికి ఎంతో ఉదారంగా ఉన్న ఈ వాదానికి చీకటి కోణం ఉంది. గ్రోషియస్ కన్నా ముందే, 1539లో, స్పెయిన్‌లోని సాలమాంకాలో ఫ్రాన్సిస్కో డి విటోరియా అనే మతాచార్యుడు అమెరికా ఖండపు ఆదివాసుల గురించి ఉపన్యసిస్తూ ఇదే హక్కును ముందుకు తెచ్చాడు. హాని చేయనంత వరకు స్పెయిన్ వాళ్ళు ఆ దేశాల్లో తిరగవచ్చు, ఉండవచ్చు, వ్యాపారం చేయవచ్చు, అడ్డుకుంటే అది అన్యాయం అన్నాడు. విటోరియాకు ఆదివాసుల మీద ద్వేషం లేదు, వాళ్ళ భూమి వాళ్ళదేనని గట్టిగా చెప్పినవాడే. అయినా పడవల మీద ఫిరంగులతో వచ్చినవాడు "దారి" అని అడిగితే దాని అర్థం వేరు. సంచరించే హక్కును సిద్ధాంతంగా రాసుకున్నది బలవంతులు, వాడుకున్నదీ వాళ్ళే.

అదే హక్కు అటువైపు నుంచి అడిగేసరికి ఏమైందో 1914లో తేలిపోయింది. పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చినవాళ్ళనే రానిస్తామని కెనడా 1908లో నిబంధన పెట్టుకుంది. భారతదేశం నుంచి కెనడాకు నేరుగా నడిచే ఓడ లేదు. ఆ సంగతి తెలిసే పెట్టారు. మధ్యలో మరో రేవులో ఓడ మారడమే నేరమైన విచిత్రమైన చట్టం అది. దాన్ని సవాలు చేస్తూ గుర్‌దిత్ సింగ్ అనే వ్యాపారి అద్దెకు తీసుకున్న కోమగాటా మారు ఓడ 376 మందితో మే 23న వాంకూవర్ చేరింది. రెండు నెలలు నీళ్ళ మీదే ఉంచి, ఇరవై నాలుగు మందిని మాత్రం దిగనిచ్చి, మిగతావాళ్ళను జూలై 23న తిప్పి పంపారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగాక పోలీసు కాల్పుల్లో కొందరు చనిపోయారు. కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2016లో.

ఇమ్మాన్యుయేల్ కాంట్ ఈ ద్వంద్వ నీతిని కనిపెట్టినవాడు. 1795లో శాశ్వత శాంతి మీద రాసిన చిన్న పుస్తకంలో, యూరప్ వాళ్ళు పరాయి దేశాలకు వెళ్ళడమంటే జయించడమే అనుకుంటున్నారని ఎద్దేవా చేశాడు. చైనా, జపాన్ అలాంటివాళ్ళను గుమ్మం దగ్గరే ఆపడం తెలివైన పని అన్నాడు. అదే చోట పరదేశికి ఒక హక్కు కూడా రాసిపెట్టాడు. భూమి గుండ్రంగా ఉంది, మనుషులు ఎంత దూరం పోయినా చివరికి ఒకరికొకరు తగలక తప్పదు. కాబట్టి శాంతంగా వచ్చినవాణ్ణి శత్రువులా చూడకూడదు. ఇంట్లో ఉంచుకోవాల్సిన పనిలేదు, వెనక్కి పంపవచ్చు. ఆ పంపడం వల్ల అతను నాశనమయ్యేలా ఉంటే మాత్రం పంపకూడదు. దాదాపు నూట యాభై ఏళ్ళ తర్వాత 1951 శరణార్థుల ఒప్పందం 33వ అధికరణంలో చెప్పిందీ దగ్గర దగ్గర ఇదే.

కాంట్ దాదాపు జీవితమంతా కోనిగ్స్‌బర్గ్ పరిసరాల్లోనే గడిపాడు. ఆ ఊరి పేరు ఇప్పుడు కాలినిన్‌గ్రాద్, రష్యాలో భాగం, కానీ రష్యా ప్రధాన భూభాగానికి అతుక్కుని లేదు. 2003 జూలై నుంచి కాంట్ ఊరివాళ్ళు సొంత దేశంలోని మాస్కోకు రైల్లో వెళ్ళాలంటే లిథువేనియా దాటడానికి ప్రత్యేక ట్రాన్సిట్ పత్రం కావాలి. అది ఉచితమే. ఆరు గంటల్లో దాటిపోవాలి. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, విల్నియస్ స్టేషన్లో ఆ రైళ్ళు ఆగే ప్లాట్‌ఫారం పొడవునా యుద్ధం ఫొటోలు పెట్టి, దీన్ని మీరు సమర్థిస్తారా అని రష్యన్‌లో రాశారు. దిగనివ్వని అతిథితో కిటికీలోంచి మాట్లాడడం అంటే ఇదేనేమో.

మన గ్రంథాలు ఈ విషయంలో మరీ ఉదారమని, పశ్చిమానిదే సంకుచితత్వమని అనుకోవడానికి తొందరపడకూడదు. అతిథిని దేవుడిగా చూడమన్న తైత్తిరీయం మనదే. యముడి ఇంటి ముంగిట మూడు రాత్రులు నిరాహారంగా వేచి ఉన్న నచికేతుడి కథా మనదే. తిరిగి వచ్చిన యముడు అతన్ని ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు, ఎప్పుడు పోతావు అని నిలదీయలేదు. ఆతిథ్యం ఆలస్యమైన దోషం తనదని ఒప్పుకుని రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. ఇంతకన్నా గొప్ప గృహస్థు ధర్మం ఉండదు. అయితే ఆ కథలో నచికేతుడు బ్రాహ్మణుడు, యముణ్ణి భయపెట్టిందీ ఆ సంగతే.

మనుస్మృతి మూడో అధ్యాయం దీన్ని ఇంకా తేటగా చెబుతుంది. ఒక్క రాత్రి ఉండి పోయేవాడే అతిథి అంటుంది. ఆ లెక్కన విమానం మారే ప్రయాణికుడికన్నా అసలైన అతిథి ఎవరున్నారు? కానీ ఆ నిర్వచనం బ్రాహ్మణుడికే. బ్రాహ్మణుడి ఇంటికి వచ్చిన క్షత్రియుడు అతిథి కాడు. వైశ్యుడూ శూద్రుడూ అతిథుల్లా వస్తే, దయతలచి, పనివాళ్ళతో కలిపి తిండి పెట్టవచ్చు. షెంగెన్ జాబితా కన్నా చాలా ముందే మనకూ ఒక జాబితా ఉందన్నమాట, అది మనిషి పుట్టుకను బట్టి తయారైంది. నిజానికి పాస్‌పోర్టు కూడా చాలామందికి పుట్టుకతో వచ్చేదే. పౌరసత్వం ఈ కాలపు జమీందారీ లాంటిదని, పుట్టిన చోటును బట్టి జీవితావకాశాలు నిర్ణయమైపోతున్నాయని రాజనీతి తాత్వికుడు జోసెఫ్ కారెన్స్ 1987లో రాసినప్పుడు చాలామంది ఉలిక్కిపడ్డారు. మనకు ఉలిక్కిపడాల్సినంత కొత్త సంగతేం కాదు.

కౌటిల్యుడి అర్థశాస్త్రం ధర్మం జోలికి పోదు, పాలన చూసుకుంటుంది. రెండో అధికరణంలో ముద్రాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు, ఒక మాషం తీసుకుని ముద్ర ఇస్తాడు. ముద్ర ఉంటేనే జనపదంలోకి రావడం, పోవడం. అడవి దారుల్లో పచ్చిక బయళ్ళ అధికారి ఆ ముద్రలను తనిఖీ చేస్తాడు. ముద్ర లేని స్వదేశీయుడికి పన్నెండు పణాల జరిమానా. దొంగ ముద్రకు అంతకన్నా పెద్ద దండన. పరదేశి పట్టుబడితే అన్నిటికన్నా పెద్దది. హెచ్చు తగ్గులన్నీ అప్పుడే ఉన్నాయి.

ఆచరణలో ఈ గ్రంథాలన్నిటినీ దాటిపోయినవాళ్ళు మాత్రం ఉన్నారు. గోదావరి లంకల్లో గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) ఇంట్లో, అటుగా పడవ దాటే బాటసారులు ఏ వేళప్పుడు వచ్చినా, ఏ కులం వాళ్ళయినా అన్నం దొరికేది. ఆమె ధర్మశాస్త్రం తిరగేసి పెట్టలేదు.

అసలు పరీక్ష వచ్చేది కాగితం అబద్ధమైనా ప్రాణం నిలబెడుతుందన్నప్పుడు. 1940 జూలై చివర్లో లిథువేనియాలోని కౌనస్‌లో జపాన్ వైస్ కాన్సల్ చియునె సుగిహారా ఇంటి బయట పోలండ్ నుంచి పారిపోయి వచ్చిన యూదులు గుంపు కట్టారు. వాళ్ళకు కావలసింది జపాన్‌లో బతకడం కాదు, జపాన్ మీదుగా దాటిపోవడం. అప్పటికి సోవియట్ సైన్యం లిథువేనియాలో దిగింది, పడమటివైపు హిట్లర్ ఉన్నాడు. మిగిలిన దారి రైల్లో సైబీరియా దాటి, వ్లాదివొస్తోక్‌లో ఓడెక్కి జపాన్ చేరడం. టోక్యో నిబంధన మాత్రం నేటి ఏ వీసా ఆఫీసు నిబంధనకూ తీసిపోదు. చివరి గమ్యానికి అనుమతి చూపాలి, చేతిలో చాలినంత డబ్బుండాలి. సుగిహారా అనుమతి కోసం టోక్యోకు మళ్ళీ మళ్ళీ తంతి పంపాడు. కుదరదని జవాబొచ్చింది.

గమ్యం దొరికింది మరో మనిషి వల్ల. ఫిలిప్స్ కంపెనీ ఉద్యోగి యాన్ జ్వార్టెండైక్ అప్పుడు డచ్ దేశపు గౌరవ కాన్సల్‌గా ఉన్నాడు. కరీబియన్ సముద్రంలో కురసావ్ అనే డచ్ దీవి ఉంది. అక్కడికి వెళ్ళడానికి వీసా అక్కర్లేదని అతను పాస్‌పోర్టుల్లో రాసిచ్చాడు. అది నిజమే. దిగనివ్వాలా వద్దా అన్నది గవర్నర్ ఇష్టమనే రెండో సగాన్ని రాయకుండా వదిలేశాడు. ఆ అరవాక్యాన్ని గమ్యంగా చూపించి సుగిహారా ట్రాన్సిట్ వీసాలు చేత్తో రాస్తూ పోయాడు, సెప్టెంబరు మొదట్లో రైలెక్కే దాకా రాశాడంటారు. అతని జాబితాలో 2,100కు పైగా పేర్లున్నాయి, ఒక్కో వీసా మీద కుటుంబాలకు కుటుంబాలే దాటాయి. 1947లో జపాన్ విదేశాంగ శాఖ అతన్ని ఇంటికి పంపింది. ఆ మధ్యలో అతను పనిచేసిన ఊళ్ళలో కాంట్ ఊరు కోనిగ్స్‌బర్గ్ కూడా ఉంది.

ఇక్కడ కాంట్ తన మీదే తాను సాక్ష్యం చెప్పాల్సి వస్తుంది. నాశనమయ్యేవాణ్ణి తిప్పి పంపకూడదన్న కాంట్, రెండేళ్ళ తర్వాత 1797లో ఇంకో వ్యాసంలో, తలుపు దగ్గర హంతకుడు నిలబడి నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగినా అబద్ధం ఆడకూడదన్నాడు. జ్వార్టెండైక్ అబద్ధం ఆడాడా? నిజంలో సగం దాచాడు. తెలిసినదంతా చెప్పి తీరాలని కాంట్ ఎక్కడా అనలేదు, చెప్పినది నిజమై ఉండాలన్నాడు. ఆ సందులోంచి రెండు వేల పైచిలుకు వీసాలు బయటపడ్డాయి. మహాభారతం ఇంత తంటా పెట్టుకోదు. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. దొంగలు తరుముతుంటే కొందరు అతని ఆశ్రమం పక్కనుంచి అడవిలోకి పారిపోయారు. ఎటు పోయారని దొంగలడిగితే సత్యవ్రతుడైన కౌశికుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. పోయినవాళ్ళు హతమయ్యారు, కౌశికుడు నరకానికి పోయాడు. తన ముందు నుంచి దాటిపోయిన బాటసారులకు అతను ఏం బాకీ ఉన్నాడో తెలుసుకోలేకపోయాడని వ్యాసుడి తీర్పు. కౌనస్ వీసాల విషయంలో ఈ తీర్పే మేలనిపిస్తుంది.

ట్రాన్సిట్ వీసా నిజంగా ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఆ పన్నెండు దేశాల జాబితాను ఇంకోసారి చదవాలి. యుద్ధాలో, నియంతృత్వాలో, అంతర్యుద్ధాలో ఆ దేశాల్లో ఎక్కువ భాగాన్ని కుదిపేశాయి, జనం ప్రాణభయంతో బయటపడ్డారు. వీసా నియమావళి కూడా దాచుకోదు. అక్రమ వలస ఒక్కసారిగా ఉప్పెనలా వస్తే కొత్త దేశాల మీద విమానాశ్రయ ట్రాన్సిట్ వీసా విధించవచ్చని మూడో అధికరణం చెబుతుంది. వలసకూ, దాటిపోవడానికీ సంబంధం ఏమిటి? దాటిపోతానన్నవాడు మధ్యలో ఆగి, నన్ను కాపాడండి అని అడగవచ్చు. ఒక్కసారి ఆ మాట నేల మీద నిలబడి పలికితే, ఆ దేశం తన చట్టం ప్రకారమే వినాలి. ఆ మాట చెవిన పడకుండా చూసుకోవడమే ట్రాన్సిట్ వీసా పని. పాత ధర్మాలు తలుపు తట్టినవాడితో ఎలా మెలగాలో చెప్పాయి. ఈ ఏర్పాటు అతను తలుపు దాకా రాకుండా చూసుకుంటుంది.

1992 మార్చిలో సోమాలియా నుంచి పారిపోయిన తోబుట్టువులు నలుగురు పారిస్ ఓర్లీ విమానాశ్రయంలో దిగారు. అది అంతర్జాతీయ జోన్, ఫ్రాన్స్ గడ్డ కాదన్నట్టు చూసి ఇరవై రోజులు అక్కడే ఉంచి సిరియాకు పంపేశారు. పంపిన రెండు రోజులకు ఫ్రెంచి కోర్టు ఆ నిర్బంధం చెల్లదంది. 1996లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం, పేరు ఏది పెట్టుకున్నా ఆ జోన్ ఫ్రాన్స్ చట్టం కిందే ఉందని తేల్చింది. తీర్పు గొప్పదే. దాని తర్వాత ప్రభుత్వాలకు ఇంకో సంగతి అర్థమైంది: జోన్‌లోకి వచ్చాక ఆపడం కష్టం, విమానం ఎక్కకముందే ఆపాలి.

ఆ పని చేసేది చెక్-ఇన్ కౌంటర్లో కూర్చున్న ఎయిర్‌లైన్ ఉద్యోగి. 1987లో శ్రీలంక తమిళులు ఆశ్రయం కోసం లండన్ చేరిన కొద్ది నెలలకే బ్రిటన్ ఒక చట్టం తెచ్చింది. సరైన కాగితాల్లేని ప్రయాణికుణ్ణి తెస్తే ఒక్కొక్కరికి వెయ్యి పౌండ్ల చొప్పున విమాన సంస్థ కట్టాలంది. మిగతా యూరప్ కూడా అదే దారి పట్టింది. ఉద్యోగి ముందున్న కంప్యూటర్లో టిమాటిక్ అనే సమాచార నిధి ఉంటుంది, పాస్‌పోర్టు దేశం, గమ్యం, మధ్యలో ఆగే చోటు కొడితే ఎక్కించాలో వద్దో చెబుతుంది. ప్రాణభయం ఉందా అన్న గడి అందులో ఉండదు. ఉన్నా ఆ ఉద్యోగి ఏం చేయగలడు? తప్పు చేస్తే జరిమానా, తిప్పి పంపితే శిక్ష లేదు. కౌశికుడి ముందు కనీసం మనుషులు పరుగెత్తారు.

దేశాలకు సరిహద్దులు ఉండకూడదనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మైకేల్ వాల్జర్ 1983లో వాదించినట్టు, ఎవరిని తమలో ఒకరిగా చేర్చుకోవాలో నిర్ణయించుకునే అధికారం ఒక సమాజానికి లేకపోతే ఆ సమాజానికి తనదంటూ ఒక రూపం ఉండదు. బలమైన వాదమే. కానీ అది చేరేవాడి గురించి, దాటేవాడి గురించి కాదు. సంస్కృతి, ఉద్యోగాలు, సంక్షేమం అంటూ సరిహద్దు మూయడానికి చెప్పే కారణాల్లో ఒక్కటీ రెండు గంటలు కుర్చీలో కూర్చుని పోయేవాడికి తగలదు. అందుకే, ఆపాలనుకుంటే, అతను దాటిపోతాడని నమ్మకూడదు. నమ్మితే ఆపడానికి కారణం ఉండదు. అపనమ్మకం ఉండకూడదని కాదు, అది ఆ మనిషి చేసిన పనిని చూసి రావాలి. పుట్టిన దేశాన్ని చూసి వస్తే అది మనువు జాబితాకు ఇంకో రూపం.

మనమూ తక్కువేం తినలేదు. ఇరవై నాలుగు గంటల్లోపు వేరే విమానం ఎక్కి, విమానాశ్రయం దాటని వాళ్ళకు భారత్ ట్రాన్సిట్ వీసా అడగదు, అంతవరకు సంతోషమే. కానీ 1951 శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం చేయలేదు. తలుపు దగ్గర పలికిన మాటను వినాలన్న చట్టం మన దగ్గర లేదు, ఆ వేళకు ఉన్న ప్రభుత్వ దయ ఉంది.

దయ లేనిచోట ధర ఉంటుంది. 2023 అక్టోబరు 23 నుంచి మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్ తన విమానాశ్రయం మీదుగా పోయే కొందరు ప్రయాణికులకు వెయ్యి డాలర్ల రుసుము పెట్టింది, పన్నుతో కలిపి 1,130. భారత పాస్‌పోర్టులకూ, ఎక్కువగా ఆఫ్రికాకు చెందిన యాభైకి పైగా దేశాల పాస్‌పోర్టులకూ దీన్ని వర్తింపజేసింది. విమానాశ్రయం అభివృద్ధి కోసమన్నారు. అమెరికాకు దొంగదారిన పోయేవాళ్ళు అటుగా వెళ్తున్నారన్నది అసలు సంగతి. మోషే నీళ్ళకు డబ్బులిస్తానన్నాడు, ఇక్కడ జాతీయతకే ధర కట్టారు.

రెండు నెలల తర్వాత, డిసెంబరు 21న, యూఏఈలోని ఫుజైరా నుంచి నికరాగువా పోయే ఒక అద్దె విమానం ఇంధనం కోసం ఫ్రాన్స్‌లోని వత్రీ అనే చిన్న విమానాశ్రయంలో దిగింది. లోపల 303 మంది, దాదాపు అందరూ భారతీయులే. మనుషుల అక్రమ రవాణా జరుగుతోందన్న సమాచారంతో పోలీసులు విమానాన్ని ఆపేశారు. విమానాశ్రయం హాల్లోనే మంచాలు వేశారు, క్రిస్మస్ ముందురోజు న్యాయమూర్తులు అక్కడికే వచ్చి విచారణ జరిపారు. ఫ్రాన్స్ వాళ్ళ గమ్యం కాదు, దాటిపోయేవాళ్ళే. విమానం ఆగింది కాబట్టి వాళ్ళలో పాతిక మంది ఆశ్రయం కోరారు, కోరారు కాబట్టి ఫ్రాన్స్ వాళ్ళ అర్జీలు తీసుకోవాల్సి వచ్చింది. అనుమానితులుగా ఇద్దరిని న్యాయమూర్తి ముందు నిలబెట్టారు. మిగిలిన 276 మంది డిసెంబరు 26 తెల్లవారుజామున ముంబైలో దిగి, చాలామంది ముఖాలు కప్పుకుని విలేకరులతో మాట్లాడకుండా వెళ్ళిపోయారు.